కట్టని చీరే ముందు చిరుగుతుంది: పట్టుచీరల మీద అపోహలు, వాస్తవాలు

మొన్న ఒకావిడ పోచంపల్లిలో మా మగ్గం దగ్గరికి వాళ్ల అమ్మగారి పెళ్లిచీర తెచ్చారు. ముప్పై ఏళ్లుగా బీరువాలో, ప్లాస్టిక్ కవరులో ఉందట. కూతురి నిశ్చితార్థానికి కట్టుకుందామని విప్పితే మడతల వెంట కత్తితో కోసినట్టు విడిపోయింది. "మా అమ్మ దీన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదండీ" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. చిరిగింది అందుకేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అపోహ: దాచిన చీర పదిలం.
వాస్తవం: ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంటే ఆ గీత వెంట పట్టుపోగు విరుగుతుంది, జరీ ఉన్నచోట మరీను. ప్లాస్టిక్ కవరు చెమ్మను బయటికి పోనివ్వదు. మూడు నెలలకోసారి తీసి, నీడలో ఆరబెట్టి, మడత మార్చి, పాత నూలు పంచెలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలకూడదు. అన్నిటికన్నా ముందు, కట్టుకోండి. మా నాయనమ్మకు ఉన్నదే ఒక్క పట్టుచీర. ప్రతి పేరంటానికీ అదే. ఆమె పోయాక మా చెల్లికి పరికిణీ అయింది. అంచు మీద నాయనమ్మ చేతి పసుపు మరక ఇంకా ఉంది.

అపోహ: జరీ నల్లబడితే నకిలీ.
వాస్తవం: అసలు జరీలో ఉండేది వెండి, వెండి నల్లబడుతుంది. కంగారుపడి చింతపండుతో తోమకండి.

అపోహ: పోగు కాల్చి చూస్తే చేనేతో కాదో తేలిపోతుంది.
వాస్తవం: ఫోనుల్లో తిరిగే ఈ పరీక్షతో విసిగిపోయాను. వెంట్రుక కాలిన వాసన వస్తే అది పట్టు, అంతే. మరమగ్గం మీదా పట్టు నేస్తారు. కొంగు పోగులు లాగి చీర పాడు చేసుకోవడమే మిగులుతుంది.

అపోహ: ఇకత్‌లో పువ్వు అంచు చెదిరితే లోపం.
వాస్తవం: నేతకు ముందే పోగులకు చిటికి కట్టి, అంటే అక్కడక్కడా బిగించి కట్టి, రంగు అద్దుతాం కాబట్టి ఆ చెదురు ఉంటుంది. గీత గీసినట్టుంటే తిరగేసి చూడండి, వెనక వెలిసినట్టుంటే అది నేసిన పువ్వు కాదు, గుడ్డ మీద వేసిన అచ్చు.

అపోహ: ఆసు యంత్రం వాడితే చేనేత కాదు.
వాస్తవం: ఆసు పోయడమంటే పోగును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి చుట్టడం, అది నేతకు ముందు పని. 1999లో చింతకింది మల్లేశం ఆ యంత్రం చేసేదాకా ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి తిప్పింది మా అమ్మలే. మా అమ్మ కుడిచెయ్యి ఇప్పటికీ జడ దాకా లేవదు.

ఆ పెళ్లిచీరను బాగుచేయడం మా వల్ల కాలేదు. కొంగులో మడతకూ మడతకూ మధ్య గుడ్డ మాత్రం గట్టిగానే ఉంది. దానితో అమ్మాయికి రవిక కుట్టిస్తున్నారట, నిశ్చితార్థానికి.