తప్పు చేసిన పిల్ల ఇంటికొచ్చే దారి: క్రైస్తవ బాలల కథలపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరు తెలుగు క్రైస్తవ సంఘాల్లో సండే స్కూల్‌కైనా, వీబీఎస్‌ అనే వేసవి సెలవుల బైబిల్ బడికైనా ఇప్పుడు ఎక్కువగా అడుగుతున్నది ఫోను మీద కథ. గేమ్ చాట్‌లో పరిచయాలు, ఫోటోలు పంపమని వేధించేవాళ్ళు, "అందరూ చేస్తున్నారు, నువ్వు చెయ్యవా" అనే స్నేహితులు. అడిగేవాళ్ళ ఆందోళన నిజమైనదే. కానీ ఆ ఆందోళనతోనే రాసిన కథలు చాలాసార్లు పిల్లల నోరు మూయిస్తాయి. ఇలాంటి కథలు రాసేవాళ్ళూ, దిద్దేవాళ్ళూ, పిల్లలకు చదివి వినిపించేవాళ్ళూ తరచూ పడే పొరపాట్లు ఇవి.

అపోహ: బాగా భయపెడితేనే పిల్లలు ఫోనుకు దూరంగా ఉంటారు.

వాస్తవం: ఫోటో పెట్టుకుని బెదిరించేవాడి బలమంతా పిల్ల భయంలోనే ఉంది. "మీ నాన్నకు పంపిస్తా, మీ చర్చి గ్రూపులో పెడతా" అన్న ఒక్క మాట మీదే వాడి పని నడుస్తుంది. మన కథలో కూడా నాన్న బెల్టు తీస్తే, అమ్మ ఫోను లాక్కుని "పరువు తీశావు" అని ఏడిస్తే, ఆ బెదిరించేవాడు చెప్పింది నిజమేనని మనమే సాక్ష్యం చెప్పినట్టవుతుంది. విన్న పిల్ల ఫోను మానెయ్యదు, దాచడం నేర్చుకుంటుంది.

కాబట్టి కథలో అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సిన చోటు మోసం జరిగే ఘట్టం కాదు, పిల్ల నోరు విప్పే ఘట్టం. చాలా చిత్తుప్రతుల్లో మోసానికి రెండు పేజీలు పోసి, చెప్పుకోవడాన్ని "ఏడుస్తూ అమ్మకు అంతా చెప్పింది" అని ఒక్క వాక్యంలో దాటేస్తారు. దీన్ని తిరగెయ్యాలి. ఎప్పుడు చెప్పింది? అమ్మ గిన్నెలు తోముతున్నప్పుడా, స్కూటీ మీద వెనక కూర్చుని మొహం కనపడనప్పుడా? మొదట ఏ ముక్క బయటికొచ్చింది? పిల్లలు ఒకేసారి అంతా చెప్పరు. ముందు చిన్న ముక్క చెప్పి పెద్దవాళ్ళ మొహం చూస్తారు. ఆ మొహం మారకపోతేనే రెండో ముక్క. ఇక పెద్దవాళ్ళ నోట వచ్చే మొదటి వాక్యం కథకు గుండెకాయ. "చెప్పి మంచి పని చేశావమ్మా. ఇక ఇది నువ్వొక్కదానివే మొయ్యక్కర్లేదు" చాలు. "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్న, ఎంత ప్రేమతో అడిగినా, మొదటి చిత్తులోనే కొట్టెయ్యండి.

తప్పిపోయిన కుమారుడి ఉపమానంలో (లూకా 15) కొడుకు క్షమాపణ మాటలు సిద్ధం చేసుకుని వస్తాడు. అవి పూర్తయ్యాక కాదు, అతను ఇంకా దూరంగా ఉండగానే తండ్రి పరుగెత్తాడు. మన కథల్లో తల్లిదండ్రులు ఆ వరసలోనే నడవాలి.

అపోహ: క్రైస్తవ కథ కాబట్టి పిల్ల తన పాపం ఒప్పుకోవడంతోనే ముగియాలి.

వాస్తవం: ఇక్కడ రెండు లెక్కలున్నాయి. వాటిని కలిపేస్తే కథ పిల్లకు హాని చేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతాకు కనీస వయసు 13. పదేళ్ళ పిల్ల అక్కడ ఉందంటే పుట్టిన సంవత్సరం తప్పు చెప్పిందనే. అది ఆమె తప్పు, ఒప్పుకోవచ్చు, దిద్దుకోవచ్చు. ఆమెను ఫోటో అడిగి, బెదిరించినది మాత్రం అవతలివాడి నేరం. లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ ప్రకారం శిక్ష పడే నేరం. ఒకే ప్రార్థనలో "ప్రభువా, నేను అబద్ధం చెప్పాను, ఇదంతా నా వల్లే జరిగింది" అని పిల్ల చేత పలికిస్తే, నేరాన్ని కూడా ఆమె నెత్తిన పెట్టినట్టే. ఆ రెండో సగం ప్రార్థనలో ఉండకూడదు.

చిన్న అబద్ధాన్ని కథలో తీసెయ్యమని కాదు. దాన్ని తప్పకుండా ఉంచండి. పిల్ల వారాల తరబడి నోరు విప్పకపోవడానికి అసలు కారణం చాలాసార్లు అదే: "ఇన్‌స్టాలో ఉన్నానని తెలిస్తే చంపేస్తారు." ఆ తాళం ఎలా పడిందో చూపించి, అమ్మ దాన్ని విడిగా, శాంతంగా, మరో రోజు మాట్లాడినట్టు రాయండి.

అపోహ: మోసగాడు మొదటి పేజీ నుంచే దుర్మార్గుడిలా కనిపించాలి, లేకపోతే పిల్లలకు అర్థం కాదు.

వాస్తవం: మొదటి పేజీలో దుర్మార్గుడిలా కనిపించేవాడిని ఏ పిల్లా నమ్మదు. కాబట్టి ఆ కథ ఎవరికీ ఏమీ నేర్పదు. అసలు ప్రమాదం మంచితనంతో మొదలవుతుంది. మెట్లు దాదాపు ఇలా ఉంటాయి: గేమ్‌లో బాగా ఆడుతున్నావని పొగడ్త. తర్వాత గేమ్ పాత్రకు తొడిగే స్కిన్నో, గేమ్ నాణేలో కానుక. తర్వాత "ఇక్కడ అందరూ చూస్తారు, వేరే చాట్‌లోకి రా." తర్వాత ఇంట్లోవాళ్ళ మీద చిన్న చీలిక: "మీ అమ్మకు నువ్వు అర్థం కావు." ఆపైన చిన్న రహస్యం, అది దాస్తుందో లేదో పరీక్ష. ఫోటో అడగడం ఆ తర్వాతే. అది చేతికందాక బెదిరింపు. పిల్ల గుర్తుపట్టాల్సింది చివరి రెండు మెట్లను కాదు. మూడో మెట్టును, అంటే చోటు మారమనడాన్ని, ఐదో మెట్టును, అంటే దాచమనడాన్ని. ఆ రెండు చోట్ల కథను కాస్త నెమ్మదించండి. పిల్ల కడుపులో ఏదో మెలిపెట్టినట్టయ్యిందని రాయండి.

అడిగిన ఫోటో ఎలాంటిదో వర్ణించనక్కర్లేదు. "పంపకూడని ఫోటో అడిగాడు" అంటే పన్నెండేళ్ళ వాళ్ళకు అర్థమవుతుంది, ఎనిమిదేళ్ళ వాళ్ళకు అర్థం కావాల్సినంతే అవుతుంది. ఇంకోమాట: ఆ మోసగాడు ఎప్పుడూ ముక్కూమొహం తెలియనివాడే కావాలని లేదు. ట్యూషన్ అన్న, అపార్ట్‌మెంటులో పై అంతస్తు కుర్రాడు, చుట్టాలబ్బాయి కూడా కావచ్చు. వేధింపు అమ్మాయిలకే అనుకోవద్దు. మగపిల్లవాడు ముఖ్యపాత్రగా ఒక్క కథైనా లేని సంపుటి అసంపూర్ణం.

నకిలీ ప్రొఫైల్‌కు బైబిల్లో అచ్చంగా సరిపోయే కథ యెహోషువ 9వ అధ్యాయంలోని గిబియోనీయులది. చినిగి కుట్టిన ద్రాక్షారసపు తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, బూజుపట్టిన రొట్టెలు చూపించి "దూరదేశం నుంచి వచ్చాం" అన్నారు. ఇశ్రాయేలీయులు దేవుణ్ణి అడగకుండానే నమ్మారు. మూడు రోజుల తర్వాత తెలిసింది, వాళ్ళు పక్కవాళ్ళేనని. పిల్లలు దీన్ని చాలా ఇష్టంగా వింటారు. అయితే ఇందులో ఒక గుంట ఉంది. ఆ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు వాళ్ళను బతకనిస్తామని చేసిన ప్రమాణం మీద నిలబడ్డారు. "ఎవరికీ చెప్పనని నేనూ ఒట్టేశానుగా" అని పిల్ల అక్కడే చిక్కుకుంటుంది. ఆ ప్రమాణం పెద్దలు, అధిపతులు చేసినదనీ, సంగతి దాచమని ఒక పెద్దవాడు పిల్ల చేత వేయించుకున్న ఒట్టు ఒట్టే కాదనీ కథ చెప్పే టీచరు నోటితో స్పష్టంగా అనాలి.

అపోహ: ప్రార్థన చేయగానే సమస్య తీరిపోయినట్టు రాస్తేనే విశ్వాసం బలపడుతుంది.

వాస్తవం: యెరూషలేము గోడ కడుతున్న నెహెమ్యా మనుషులు ప్రార్థనా చేశారు, రాత్రింబగళ్ళు కావలీ పెట్టారు (నెహెమ్యా 4:9). ప్రార్థన తర్వాత పెద్దవాళ్ళు ఏం చేశారో కథలో కనిపించాలి. అదీ సరిగ్గా కనిపించాలి. ఎందుకంటే వింటున్న తల్లిదండ్రులు కూడా అక్కడే నేర్చుకుంటారు.

కోపంతో చాట్ చెరిపెయ్యకూడదు. అవతలివాడి ఖాతా పేరు, లింకు, తేదీలు, బెదిరింపు మాటలు భద్రం చేశాకే బ్లాక్ చెయ్యాలి. పిల్ల ఫోటోను "సాక్ష్యం" పేరుతో మేనమామకో పాస్టర్‌గారికో ఫార్వర్డ్ చెయ్యకూడదు. అలాంటి చిత్రాన్ని పంచడమే నేరం. డబ్బు కట్టకూడదు, ఒకసారి కడితే మళ్ళీ అడుగుతారు. పిల్లల సహాయానికి 1098, సైబర్ నేరాలకు 1930, ఫిర్యాదుకు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ ఉన్నాయి. బెంగళూరులో సైబర్ నేరాలు చూసే ప్రత్యేక పోలీస్ స్టేషన్లు ఉన్నాయి. 18 ఏళ్ళలోపు వాళ్ళ చిత్రాలు వ్యాపించకుండా ఆపడానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. అందులో ఫోటోను ఎవరికీ పంపక్కర్లేదు. దాని డిజిటల్ వేలిముద్ర మాత్రమే వెళ్తుంది, అందులో చేరిన వేదికలు దాన్నిబట్టి చిత్రాన్ని పట్టుకుంటాయి.

బొమ్మలు వేసేవాళ్ళకు ఒక సూచన. పోక్సో చట్టం 24వ సెక్షన్ ప్రకారం పిల్ల వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. పిల్ల ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. ఖాకీ, లాఠీ, బల్లకు అటువైపు మీసాలు గీసేస్తే, ఫిర్యాదు అంటేనే పిల్ల బెదిరిపోతుంది. మామూలు చుడీదారులో ఒక ఆమె సోఫాలో పక్కన కూర్చున్నట్టు గీయండి.

అపోహ: సంఘం పరువు కోసం పాస్టర్‌గారే ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దినట్టు రాయొచ్చు. క్షమించమనే కదా వాక్యం.

వాస్తవం: రాయకూడదు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. పాస్టర్‌గారికీ, సండే స్కూల్ టీచరుకూ మినహాయింపు లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. క్షమించడమంటే ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం కాదు, ఆ మనిషితో మళ్ళీ మాట్లాడించడమూ కాదు. సవతి అన్న చెరిచిన తామారును ఊరుకోమన్నాడు సొంత అన్న అబ్షాలోము. తండ్రి దావీదుకు కోపమొచ్చింది గానీ ఏమీ చెయ్యలేదు. ఆ ఇంట్లో తర్వాత జరిగిందంతా 2 సమూయేలు 13 నుంచి చదవొచ్చు. అది పిల్లలకు చెప్పే కథ కాదు, పిల్లల కథలు రాసేవాళ్ళు దగ్గర పెట్టుకోవాల్సిన అధ్యాయం.

అపోహ: ఒత్తిడి పెట్టేది చెడ్డ స్నేహితులు, అంటే సంఘం బయటివాళ్ళు.

వాస్తవం: పేతురును అంతియొకయలో భయపెట్టింది అన్యులు కాదు, యెరూషలేము నుంచి వచ్చిన సొంతవాళ్ళు. వాళ్ళు రాకముందు అన్యజనులతో కలిసి తిన్నవాడే, వాళ్ళను చూసి పక్కకు తప్పుకున్నాడు (గలతీ 2). పెద్ద అపొస్తలుడికే తప్పలేదని తెలిస్తే పన్నెండేళ్ళవాడికి ఎంత ఊరట! వీబీఎస్ స్నేహితుల గ్రూపులోనే ఒక పిల్ల ఫోటో మీద వెకిలి స్టిక్కర్ తయారవుతుంది. అక్కడ ఎవరూ దుష్టులు కారు. నవ్వకపోతే తననూ తీసేస్తారని ఒక్కొక్కరికీ భయం, అంతే.

ఇక్కడ "ధైర్యంగా వద్దను" అనే ఉపదేశం పనిచెయ్యదు. నోటితో అనగలిగే మాట కావాలి, అదీ అయిదు సెకన్లలో. రాజు పెట్టే భోజనం వద్దనడానికి దానియేలు పట్టిన పద్ధతి చూడండి: అరవలేదు, మర్యాదగా అడిగాడు, పది రోజుల ప్రత్యామ్నాయం చూపించాడు, పక్కన ముగ్గురున్నారు. దాన్ని బెంగళూరు పిల్లల మాటలోకి దించితే: "మచ్చా, ఇది తనకు తెలిస్తే ఏడుస్తుంది రా. తీసెయ్. రేపటి మ్యాచ్ వీడియో పెట్టు." ఇంకో దారి అమ్మ మీదకు నెట్టడం: "మా అమ్మ ఫోను చూస్తుంది, నాకొద్దు." ఇది అబద్ధం కాకూడదు కాబట్టి ఆ ఏర్పాటు ముందే అమ్మతో చేసుకున్నట్టు ఒక వాక్యం పెట్టండి. తోడుగా ఇంకొక్క స్నేహితుణ్ణి తప్పక ఇవ్వండి. ఒంటరి వీరుణ్ణి పిల్లలు మెచ్చుకుంటారు, అనుకరించరు.

మంచి చేసినవాడికి వెంటనే బహుమతి కూడా వద్దు. యజమాని భార్యకు లొంగకుండా యోసేపు పారిపోయాడు, అయినా చెరసాలలో పడ్డాడు. గ్రూపులోంచి తీసేశారు, రెండు వారాలు ఎవరూ మాట్లాడలేదు అని నిజం రాయండి.

అపోహ: యాప్ పేర్లన్నీ రాస్తేనే కథ ఇప్పటిదిగా ఉంటుంది.

వాస్తవం: టిక్‌టాక్‌ను 2020 జూన్‌లో, పబ్‌జీని అదే ఏడాది సెప్టెంబరులో మన దేశంలో నిషేధించారు. ఆ పేర్లతో అచ్చయిన కథలు ఒక్క ఏడాదిలో పాతబడ్డాయి. "గేమ్", "చాట్" అని రాస్తే సరిపోతుంది.

అపోహ: బైబిల్ భాషలో రాస్తేనే భక్తి ఉంటుంది.

వాస్తవం: ఇక్కడి మన పిల్లల్లో చాలామందికి తెలుగు చెవికి వస్తుంది, కంటికి రాదు. బడిలో కన్నడ, ఇంగ్లీషు. కాబట్టి ఇది చదివే కథ కాదు, వినే కథ. 8 నుంచి 10 ఏళ్ళ వాళ్ళకు 700 పదాలు, 11 నుంచి 14 వాళ్ళకు 1,200 దాటొద్దు. పేర్లున్న పాత్రలు నాలుగు చాలు. చాట్ సందేశాలు గట్టిగా చదివినప్పుడు ఎవరి మాటో తెలియక పిల్లలు తికమకపడతారు. ప్రతిసారీ "ఫోను మోగింది" అని ఆనవాలు పెట్టి, కథ మొత్తం మీద ఆరు సందేశాలకు మించకండి. బైబిల్ వాక్యాన్ని మాత్రం అచ్చులో ఉన్నట్టే చెప్పండి: "నా కుమారుడా, పాపులు నిన్ను ప్రేరేపింపగా ఒప్పకుము" (సామెతలు 1:10). వెంటనే టీచరు మాటల్లో: "రమ్మని లాగినా సరే అనకు."

చిన్న పుస్తకంగా వేస్తే మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీల సంఖ్య నాలుగుకు గుణిజంగా ఉండాలి. ఏ5లో 16 పేజీలు సరిపోతాయి. వెనక అట్ట మీద ప్రకటనలు వద్దు. 1098, 1930 పెద్ద అంకెల్లో, తెలుగులోనూ కన్నడంలోనూ.

కథ అయ్యాక "మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?" అని అందరి ముందూ అడగొద్దు. అడిగితే ఎవరూ చెయ్యెత్తరు, ఎత్తిన పిల్లకు ఆ వారమంతా నరకం. "ఎవరికీ చెప్పను" అని ఏ పిల్లకూ మాటివ్వొద్దు. "నీకు సాయం చేయగలిగేవాళ్ళకే చెప్తాను" అనండి. ఆ ఆదివారం ఇద్దరు అక్కలు తలుపు తెరిచి ఉంచి, పిల్లలు వెళ్ళిపోయాక కూడా పది నిమిషాలు కుర్చీలు సర్దుతూ అక్కడే ఉండాలి. చెప్పాలనుకున్న పిల్ల చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు తీసుకుంటుంది.