ఆల్ఫ్వెన్ పేరు నిలిచింది, పత్రం మరుగున పడింది: ప్లాస్మా పరిశోధనలో ఉటంకింపుల లెక్క

ఒక ప్లాస్మా శాస్త్రవేత్త పదోన్నతికో పురస్కారానికో పరిశీలనకు వచ్చినప్పుడు, ఆయన రాసిన పత్రాలు ఎన్ని, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ఉటంకించారు, హెచ్-ఇండెక్స్ (పత్రాలనూ వాటి ఉటంకింపులనూ కలిపి ఒకే అంకెగా చెప్పే కొలత) ఎంత అన్న ప్రశ్నలు ఇప్పుడు అన్నిటికంటే ముందు వస్తాయి. వేడెక్కి అయనీకరణం చెందిన వాయువుకు అర్వింగ్ లాంగ్మ్యూర్ ‘ప్లాస్మా’ అని పేరు పెట్టిన 1928లో ఈ లెక్కలేవీ లేవు. ఉటంకింపుల సూచిక ఉండాలని యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించగా, ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ 1960లలో వెలువడింది. ఈ శాస్త్రంలోని మూలభావనలు చాలావరకు అంతకుముందే పుట్టాయి కాబట్టి, కొలబద్దకూ కొలిచే వస్తువుకూ మొదటినుంచీ పొంతన తక్కువే.

స్వీడన్‌కు చెందిన భౌతిక శాస్త్రవేత్త హానెస్ ఆల్ఫ్వెన్ ఉదంతం ఇందుకు స్పష్టమైన సాక్ష్యం. విద్యుద్వాహకమైన ద్రవం అయస్కాంత క్షేత్రంలో ఉన్నప్పుడు, క్షేత్ర రేఖలు బిగించిన వీణ తీగల్లా కంపిస్తాయనీ, ఆ కంపనం ద్రవాన్ని కూడా కదిలిస్తూ తరంగంగా సాగుతుందనీ ఆయన 1942 అక్టోబరులో ‘నేచర్’ పత్రికకు రాసిన చిన్న లేఖలో చెప్పారు. వాహకంలోకి విద్యుదయస్కాంత తరంగం లోతుగా చొచ్చుకుపోలేదన్నది అప్పటి పాఠ్యపుస్తకాల మాట కావడంతో, ఇలాంటి తరంగమే ఉంటే మాక్స్‌వెల్ ఎప్పుడో కనిపెట్టి ఉండేవాడు కదా అన్న ధోరణిలో చాలామంది దాన్ని పట్టించుకోలేదు. 1948లో షికాగోలో ఆయన ఉపన్యాసం విన్న ఎన్రికో ఫెర్మి తల ఊపి ‘నిజమే’ అన్నాకే మిగతావారూ తల ఊపారని ఆల్ఫ్వెనే తర్వాత చెప్పుకున్నారు. ఆ ఆరేళ్ల మధ్యలో ఎవరైనా ఆయన ఉటంకింపులను లెక్కపెట్టి ఉంటే ఏం తేల్చేవారో ఊహించడం కష్టం కాదు. అయస్కాంత తుఫానులపై ఆయన అంతకుముందు రాసిన సిద్ధాంతాన్ని ఒక అమెరికన్ పత్రిక తిరస్కరించగా, అది 1939లో స్వీడిష్ అకాడమీ ప్రచురణల్లో వెలువడి బయటివారి కంటికి పెద్దగా ఆనలేదు.

ఆల్ఫ్వెన్‌కు 1970లో నోబెల్ బహుమతి లభించింది. విచిత్రమేమిటంటే, ఆ గుర్తింపు తర్వాత కూడా లెక్క సరిపడలేదు. ‘ఆల్ఫ్వెన్ తరంగం’, ‘ఆల్ఫ్వెన్ వేగం’ అన్న మాటలు వాడుకలో స్థిరపడిపోయాక, వాటిని రాసేవారికి 1942 నాటి లేఖను పేర్కొనవలసిన అవసరం తోచదు. పార్కర్ సోలార్ ప్రోబ్ అనే వ్యోమనౌక 2021 ఏప్రిల్‌లో సూర్యుడి ఆల్ఫ్వెన్ సరిహద్దును (సౌర పదార్థం సూర్యుడి పట్టు నుంచి విడిపోయే హద్దును) దాటిందని నాసా ప్రకటించినప్పుడు ప్రపంచమంతా ఆ పేరు వినిపించింది. అది ఏ సూచికలోనూ ఉటంకింపుగా నమోదు కాదు. ఒక భావన అందరి సొత్తుగా మారిపోయి, మూలరచన కనుమరుగయ్యే ఈ పరిణామాన్ని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గుర్తించి, దానికో పేరు కూడా పెట్టారు.

దీనికి పూర్తిగా భిన్నమైన కథ భారతీయ గణితవేత్త ప్రభులాల్ భట్నాగర్‌ది. ఆయన గ్రాస్, క్రూక్‌లతో కలిసి విద్యుదావేశిత, తటస్థ వాయువుల్లో కణాలు ఢీకొనే తీరుపై 1954లో రాసిన పత్రాన్ని, దశాబ్దాల తర్వాత కంప్యూటర్లపై ద్రవ ప్రవాహాలను గణించే లాటిస్ బోల్ట్జ్‌మన్ పద్ధతివారు తమ పునాదుల్లో ఒకటిగా స్వీకరించారు. పొరుగు రంగం వారి అవసరం వల్ల పెరిగిన ఆ ఉటంకింపుల సంఖ్యను ప్లాస్మా పరిశోధన ప్రభావంగా చూపించడం ఎంతవరకు సబబన్నది ఆలోచించవలసిన ప్రశ్నే.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన హోర్హే హిర్ష్, ఆల్ఫ్వెన్ స్వీడన్ విడిచి వెళ్లి పనిచేసిన శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడు. ఒకరి పత్రాల్లో కనీసం ముప్ఫై, ఒక్కొక్కటి ముప్ఫైకి తగ్గకుండా ఉటంకింపులు పొందితే ఆయన సూచిక ముప్ఫైకి చేరుతుంది. ఒకే పత్రంతో శాస్త్రాన్ని మలుపు తిప్పినవారికి మాత్రం దక్కేది ఒకటే. ఈ కొలత ఘోరంగా విఫలం కూడా కాగలదనీ, తాను ఊహించని చెడు ఫలితాలను ఇవ్వగలదనీ 2020లో హిర్ష్ స్వయంగా రాశారు.

పరమాణు కేంద్రకాలను కలిపి శక్తిని రాబట్టే నేటి సంలీన ప్రయోగాల్లో చిక్కు మరో రూపంలో ఉంది. అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 2021 ఆగస్టు 8న జరిగిన ప్రయోగం 1.3 మెగాజౌళ్లకు పైగా సంలీన శక్తిని ఇచ్చింది. దాన్ని వివరిస్తూ మరుసటి ఏడాది వెలువడిన పత్రానికి వెయ్యిమందికి పైగా రచయితలు ఉన్నారు. సాధారణ గణన పద్ధతిలో దానికి వచ్చే ప్రతి ఉటంకింపూ, లేజర్‌ను సరిచూసినవారికీ సిద్ధాంతాన్ని రూపొందించినవారికీ తేడా లేకుండా, అందరి ఖాతాల్లోనూ నిండుగా జమ అవుతుంది.