అప్పుడు–ఇప్పుడు కవితలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో డిగ్రీ పిల్లలకు కవిత్వం చెబుతుంటాను. పోటీ ప్రకటన వచ్చిందంటే చాలు, ఒకే అచ్చులో పోసిన కవితలు నా బల్ల మీదికి చేరతాయి. పై సగమంతా పచ్చని పల్లె, పిండి వెన్నెల, కలిసిమెలిసి బతికిన జనం. కింది సగమంతా సెల్‌ఫోను, ప్లాస్టిక్, పలకరింపు లేని మనుషులు. రాసినవాళ్లకు ఇంకా ఇరవై ఏళ్లు నిండవు.

అపోహ: గతాన్ని పొగిడి, వర్తమానాన్ని తిడితే అది మార్పు మీద కవిత్వం.

వాస్తవం: ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. ఆ రోజులు ఎవరికి బాగున్నాయి? దొర గడీలో వెట్టి చేసిన ఇంటికా? ఊరి బావికి ఎడంగా నిలబడి నీళ్లు పోయించుకున్న ఇంటికా? ఆ ఇళ్ల పిల్లలే అరువు తెచ్చుకున్న జ్ఞాపకాలతో రాస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ‘అమృతం లాంటి బావినీళ్లు’ అని రాసింది. అది నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచి పీడించిన ప్రాంతం. మీ ఇంట్లో ఆ నీళ్లు ఎవరు తాగారమ్మా అని అడిగాను. “మా నాయనమ్మ, సార్. నడుము వంగిపోయింది. ఇప్పుడు నల్లాకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. ఆమె గోడ పట్టుకుని నల్లా దాకా వస్తుంది” అంది. అదే రాయి అన్నాను. “ఊరిని కించపరిచినట్టు కాదా సార్?” అని భయపడింది. కాదు తల్లీ, ఎంతమాత్రం కాదు. ఊరి నొప్పిని నీకన్నా ప్రేమగా ఎవరు చెబుతారు?

గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాటను ఉత్త బెంగగా పాడేవారున్నారు. ఆయన అందులో కుమ్మరి వామిని, కమ్మరి కొలిమిని, సాలె మగ్గాన్ని పేరుపేరునా చూపిస్తారు. ఆ పనులు ఆగిపోవడం వెనుక కనిపించని కుట్రలున్నాయని నిలదీస్తారు కూడా. మన పిల్లల కవితల్లో లేనిది ఆ నిలదీతే.

పద్యం పాతకాలానిది, కొత్త సంగతులు అందులో ఇమడవు అనేది మరొక అపోహ. దాశరథి నిజాంను ఎదిరించింది పద్యాలతోనే. ఇక దీని మీద వాదన అనవసరం.

పల్లె కోసం ఏడిస్తేనే బహుమతి ఇస్తారన్నది శుద్ధ పుకారు. దయచేసి దీన్ని మోయకండి. నేను నిర్ణేతగా కూర్చున్న పోటీల్లో ఏడుపుల కట్టలు తిరగేసి అలసిన కళ్లకు ఒక్క నిజమైన వివరం కనబడితే ఆ కాగితాన్ని అందరం చేతులు మార్చుకుని చదివాం.

‘మేం వలస వెళ్లిన చోట పెరిగాం, మాకు రాసుకోవడానికి ఊరు లేదు’ అని పాలమూరు పిల్లలు దిగులుపడతారు. మీ దగ్గర ఉన్నంత సరుకు ఇంకెవరి దగ్గరా లేదు, ధైర్యంగా ఉండండి. కలం పట్టే ముందు అమ్మానాన్నలను కూర్చోబెట్టి అడగండి: కూలికి తీసుకెళ్లిన మేస్త్రీ దగ్గర ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, ఇంటికి తాళం వేసిన రోజు ముసలివాళ్లను ఎవరికి అప్పగించారు, తిరిగొచ్చేసరికి మీ పొలాన్ని ఎవరు దున్నుతున్నారు.