గుండోవాల్డ్‌ను ఓడించింది తల్లి కులం కాదు

ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని ఏలిన ఫ్రాంకుల చరిత్రలో 580ల నాటి గద్దె తగవు దగ్గరికి రాగానే విద్యార్థుల జవాబు పత్రాల్లో ఒకే వాక్యం కనబడుతుంది: "గుండోవాల్డ్ ఉంపుడుగత్తె కొడుకు, అందుకే రాజ్యం దక్కలేదు." వీడియోల్లోనూ ఇదే పాట. ఈ గుండోవాల్డ్ మొదటి క్లోథార్ రాజు కొడుకునని చెప్పుకుని గద్దె కోరినవాడు. ఈ ఒక్క మాట నమ్మితే తగవంతా తలకిందులుగా అర్థమవుతుంది.

అపోహ: పెళ్లాడిన రాణికి పుట్టకపోతే గద్దెకు అనర్హుడు.

వాస్తవం: ఫ్రాంకుల రాజవంశమైన మెరోవింజియన్ల దగ్గర ఈ పట్టింపు లేదు. 511లో క్లోవిస్ రాజు పోయాక నలుగురు కొడుకులు రాజ్యం పంచుకున్నారు. అందులో పెద్దవాడు థ్యూడెరిక్ ఉంపుడుగత్తె కొడుకే, పెద్ద వాటా కూడా అతనిదే. క్లోథార్ కొడుకైన గుంట్రామ్ రాజు కొడుకుల తల్లి ఒకరింటి పనిమనిషి, కాబట్టి వాళ్లకు రాజ్యం రాదని సజిటారియస్ అనే బిషప్ నోరు జారాడు. దాని మీద ఆ కాలం వాడే, టూర్ బిషప్ గ్రెగరీ రాసింది ఇదీ: తల్లి పుట్టుక ఏదైనా, రాజుకు పుట్టినవాళ్లంతా రాజకుమారులే.

మరి తగవు దేనికి? తండ్రి ఒప్పుకున్నాడా లేదా అన్నదానికి. ఆ ఒప్పుకోలుకు గుర్తు జుట్టు, పొడవాటి జుట్టు రాజవంశపు చిహ్నం. గుండోవాల్డ్‌ను తల్లి పొడవాటి జుట్టుతో పెంచి, కొడుకుల్లేని చిల్డెబెర్ట్ రాజు (క్లోవిస్ కొడుకు) దగ్గరికి తీసుకెళ్లి "నీ తమ్ముడు క్లోథార్ కొడుకు" అని అప్పగించింది. క్లోథార్ అతన్ని రప్పించి, "వీడు నాకు పుట్టలేదు" అని జుట్టు కత్తిరించాడు. 561లో క్లోథార్ పోయాక అతని కొడుకు సిగిబెర్ట్ మళ్లీ కత్తిరించి కొలోన్‌కు పంపాడు. జుట్టు పెరగకుండా ఉంటుందా! పెంచుకుని ఇటలీకి, అక్కణ్నుంచి కాన్‌స్టాంటినోపుల్‌కు చేరాడు.

గుంట్రామ్ ఎత్తిపొడుపు కూడా తల్లి మీద కాదు, తండ్రి మీదే. వాడి తండ్రి మర నడిపేవాడు, నిజానికి ఉన్ని దువ్వేవాడు అన్నాడు. ఎదుటి రాయబారి ఊరుకోలేదు: "అయితే వాడికి ఇద్దరు తండ్రులన్నమాట!" 585లో కొమ్మింజ్ కోట ముట్టడిలో ఉన్నప్పుడు గుండోవాల్డ్ చెప్పుకున్నదీ ఇదే. నాన్నకు నేనంటే గిట్టదని అందరికీ తెలుసు, నా పుట్టుక సంగతి పొయిటియేలో సన్యాసిని రాడెగుండ్‌ను (క్లోథార్ ఒకప్పటి రాణి), టూర్‌లో సన్యాసిని ఇంగిట్రూడ్‌ను అడగండి అన్నాడు. సాక్షులున్నారు, తండ్రి మాట లేదు.

పక్కనే రెండో కేసు చూడండి. 584లో గుంట్రామ్ సోదరుడు చిల్పెరిక్ రాజు షెల్ అనే ఊరి దగ్గర హత్యకు గురైనప్పుడు కొడుకు రెండో క్లోథార్‌కు నాలుగు నెలలు. బిడ్డను చూపించకుండా దాస్తున్నారని గుంట్రామ్‌కు అనుమానం. తల్లి ఫ్రెడెగుండ్ ముగ్గురు బిషప్పులనూ 300 మంది పెద్దలనూ కూడగట్టి, చిల్పెరిక్ కొడుకేనని ప్రమాణం చేయించింది. అనుమానం అక్కడితో చల్లారింది. 613కల్లా మొత్తం రాజ్యం ఆ పసివాడిదే.

ఇక డబ్బు సంగతి. సైన్యానికి, అనుచరులకు పంచడానికి ఖజానా లేకపోతే హక్కు నోటిమాటే. 582లో గుండోవాల్డ్ మార్సెయ్‌లో దిగాడు. పిలిచిన గుంట్రామ్ బోసోయే (రాజు గుంట్రామ్ కాదు, వేరే సేనాని) అతని వెండి బంగారాలు కాజేశాడు, అతను ఓ దీవికి జారుకున్నాడు. చిల్పెరిక్ చావగానే కూతురు రిగుంత్ పెళ్లి సొత్తును టూలూజ్‌లో డెసిడెరియస్ అనే సేనాని పట్టేసి, గుండోవాల్డ్ పక్షం చేరాడు. గుండోవాల్డ్‌ను బ్రీవ్ దగ్గర రాజుగా ప్రకటిస్తూ డాలు మీద నిలబెట్టి తిప్పింది ఆ వెంటనే. మూడో చుట్టులో పడబోయాడట. ఆ తర్వాత గుంట్రామ్ చిల్డెబెర్ట్ (ఈయన రెండోవాడు, సిగిబెర్ట్ కొడుకు) చేతికి ఈటె ఇచ్చి వారసుణ్ని చేసుకోవడంతో, గుండోవాల్డ్‌కు ఆ వైపు నుంచి వచ్చే అండ తెగింది. చివరికి సొంత సేనాని మమ్మోలస్సే శత్రువుకు అప్పగించాడు. రాయి తగిలి తల పగిలింది, చచ్చాక జుట్టూ గడ్డమూ పీకేశారు.

మిగతావి గబగబా. ఫ్రాంకుల పాత చట్టమైన శాలిక్ చట్టం ఆడవాళ్లకు గద్దె నిషేధించిందనడం తప్పు. అందులో ఉన్నది భూమి వారసత్వం, కిరీటం ఊసే లేదు. ఆ అర్థం తగిలించింది శతాబ్దాల తర్వాతి ఫ్రెంచి లాయర్లు. కొడుకులు లేకపోతే కూతుళ్లకు భూమి దక్కేలా చేసింది చిల్పెరిక్ శాసనమే. పెద్దకొడుకుకే పట్టం అన్న మన కథల లెక్క కూడా ఇక్కడికి తేకండి, 511 పంపకం చూశారుగా.

పేర్లు కలిసిపోతున్నాయని కంగారు వద్దు, అందరికీ అంతే. ప్రతి పేరు పక్కన తండ్రి పేరు రాసుకోండి: మొదటి క్లోథార్ తాత, చిల్పెరిక్ కొడుకైన రెండో క్లోథార్ మనవడు. గుండోవాల్డ్ పక్కన మాత్రం ఆ గడి ఖాళీగా వదిలేయండి.