ఆఫర్ లెటర్‌లో కనిపించని పద్దులు

వేరే దేశంలో ఉద్యోగం ఖాయమైందనగానే ఎవరైనా మొదట చేసేది జీతాన్ని మారకపు రేటుతో గుణించడం. చేతిలో రెండు దేశాల ఆఫర్లుంటే ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఐటీ లాంటి రంగాల్లో అమెరికా అంకె పెద్దదిగా, యూరప్ అంకె చిన్నదిగా కనిపించడం మామూలే. ఒకచోట డబ్బు, ఇంకోచోట జీవితం అని అక్కడితో తేల్చేస్తారు. కానీ ఆ తేడాలో కొంత వేరే చోట పుట్టింది. సెలవు, వైద్యం లాంటి వాటిలో దేన్ని చట్టంలో పెట్టాలి, దేన్ని కంపెనీకీ ఉద్యోగికీ వదిలేయాలి అన్న ప్రశ్నకు ఒక్కో దేశం ఒక్కో కాలంలో ఒక్కో జవాబు చెప్పుకుంది. జీతం అంకె ఆ జవాబుల్ని మోస్తూ వస్తుంది.

పని గంటల విషయంలో మొదట అందరూ ఒకే దారిలో ఉన్నట్టే కనిపించారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒప్పందంలోనే పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి పెట్టింది. దారులు వేరైంది సెలవుల దగ్గర. 1936లో ఫ్రాన్స్‌లో ఫ్యాక్టరీలను స్తంభింపజేసిన సమ్మెల తర్వాత రెండు వారాల జీతంతో కూడిన సెలవు చట్టమైంది. రెండేళ్లకు, 1938లో, అమెరికా కూడా పెద్ద కార్మిక చట్టమే తెచ్చింది. కనీస వేతనం, ఓవర్‌టైమ్ అందులో ఉన్నాయి, సెలవు లేదు. ప్రైవేటు ఉద్యోగికి జీతంతో ఒక్క రోజు సెలవైనా ఇవ్వాలని అక్కడి ఫెడరల్ చట్టం ఇప్పటికీ చెప్పదు. యూరోపియన్ యూనియన్ 1993 నాటి ఆదేశంతో ఏటా కనీసం నాలుగు వారాలు ఖాయం చేసింది. అంటే ఒక ఆఫర్ లెటర్‌లో ‘20 రోజుల సెలవు’ అని ఉంటే, ఒక దేశంలో అది కంపెనీ ఇచ్చిన సదుపాయం, ఇంకో దేశంలో ఏ కంపెనీ కూడా తగ్గించలేని హక్కు.

వైద్యం కథ ఇంకా విచిత్రం. రెండో ప్రపంచ యుద్ధ సమయంలో, 1942లో, ధరలు అదుపు తప్పకుండా అమెరికా ప్రభుత్వం జీతాల పెంపుపై పరిమితి విధించింది. పనివాళ్లు దొరక్క సతమతమవుతున్న కంపెనీలు జీతం పెంచలేక ఆరోగ్య బీమా ఎర చూపాయి. బీమాను జీతం కింద లెక్కగట్టకపోవడంతో అది చెల్లింది. 1954 పన్ను చట్టం ఆ ప్రీమియంపై పన్ను లేదని స్పష్టం చేయడంతో ఏర్పాటు స్థిరపడింది. అదే యుద్ధం ముగిశాక బ్రిటన్ 1948లో పన్నుల డబ్బుతో నడిచే జాతీయ ఆరోగ్య సేవను మొదలుపెట్టింది. ఫలితంగా ఒకచోట జీతం నుంచి పన్ను రూపంలో ముందే పోతుంది, మరోచోట ఎక్కువ జీతం చేతికొచ్చాక ప్రీమియంగా, ఆసుపత్రి బిల్లుగా పోతుంది. పైగా రెండోచోట ఉద్యోగం పోతే చాలామందికి ఆ బీమా కూడా పోతుంది. యుద్ధకాలపు సర్దుబాటు ఒకటి ఇన్నేళ్ల తర్వాత వలస వెళ్లే కుటుంబం బడ్జెట్‌ను శాసిస్తోంది!

జీతమే సర్వస్వం కాదని ఆర్థికవేత్తలకు మొదటి నుంచీ తెలుసు. పని ఎంత కష్టమో, ఎంత ఏవగింపు కలిగిస్తుందో దాన్నిబట్టి కూలి పెరుగుతుందని ఆడమ్ స్మిత్ 1776లోనే రాశాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ మరణశిక్ష అమలుచేసే తలారి. అయినా వలస దగ్గరికొచ్చేసరికి చాలాకాలం జీతమే ప్రధాన కారణంగా నిలిచింది. జాన్ హిక్స్ 1932లో దాదాపు అదే అన్నాడు. 1962లో లారీ స్జాస్టాడ్ వలసను పెట్టుబడిలా చూస్తూ, అయినవాళ్లను వదిలి వెళ్లే బాధను కూడా ఖర్చుగానే గుర్తించాడు. 1985లో ఓడెడ్ స్టార్క్, డేవిడ్ బ్లూమ్ నిర్ణయం వ్యక్తిది కాదు, కుటుంబానిదని వాదించారు. ఇంట్లో అందరూ కూర్చుని తర్జనభర్జన పడినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ధరల తేడాను సరిచేసే లెక్కలూ ఉన్నాయి. ఒక్కో దేశపు డబ్బుతో అక్కడ ఎంత కొనగలమో పోల్చే కొనుగోలు శక్తి సమానత అనే భావనకు 1918లో ఆర్థికవేత్త గుస్తావ్ కాసెల్ ఆ పేరు పెట్టాడు. 1986లో ‘ది ఎకనమిస్ట్’ పత్రిక సగం సరదాగా వేర్వేరు దేశాల్లో బర్గర్ ధరను పోల్చి ఓ సూచీ తయారుచేసింది. అక్కడే సంపాదించి అక్కడే ఖర్చు పెట్టేవారికి ఈ లెక్క సరిపోతుంది. ఇంటికి పంపే డబ్బు మాత్రం ఇంటి దగ్గరి ధరల్లోనే ఖర్చవుతుంది. కాబట్టి జీతం మొత్తాన్ని మారకపు రేటుతో గుణించడం తప్పే అయినా, మిగిల్చి పంపే భాగాన్ని అలా గుణించడం సబబే.

ఇక ‘నివాసయోగ్య నగరాల’ జాబితాలు. వియన్నా మొదటి స్థానంలో నిలిచిందనే వార్త చాలాసార్లు చదివాం. ఇవి ఎవరి కోసం పుట్టాయో చాలామందికి తెలియదు. కంపెనీ తన ఉద్యోగిని కష్టమైన చోటుకి పంపితే ఎంత హార్డ్‌షిప్ అలవెన్స్ ఇవ్వాలో తేల్చడానికి ఇవి పనికొస్తాయి. ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ సూచీలో మార్కులు 80 దాటితే అలవెన్స్ అక్కర్లేదు, 50కి దిగితే జీతంలో 20 శాతం ఇవ్వమని సూచన. మెర్సర్ అనే కన్సల్టింగ్ సంస్థ సర్వే కూడా కంపెనీలకు ఇలాగే ఉపయోగపడుతుంది. అంటే కంపెనీయే వీసా తీసి, కొన్నేళ్లకు వెనక్కి పిలిపించుకునే ఉద్యోగి కోసం వేసిన మార్కులివి. సొంతంగా బయల్దేరినవాడు వాటిని చూసి నగరాన్ని ఎంచుకోవడం, నా దృష్టిలో, వేరొకరి కొలతలకు కుట్టిన చొక్కా కొనుక్కోవడమే.

అలాంటివాడికి అన్నిటికన్నా ముఖ్యమైన పద్దు ఆ మార్కుల్లో లేదు: ఉద్యోగం పోతే ఆ దేశంలో ఎన్నాళ్లు ఉండనిస్తారు? అమెరికాలో హెచ్-1బీ వీసాదారుకు 2017 నుంచి గరిష్ఠంగా 60 రోజుల గడువుంది. నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకు యూరప్ ఇచ్చే అనుమతి అయిన బ్లూ కార్డుకు 2021 సవరణ ప్రకారం మొదటి రెండేళ్లలో మూడు నెలలు, ఆ తర్వాత ఆరు నెలలు. భార్యకో భర్తకో పని చేసే హక్కు విషయంలోనూ ఇంతే తేడా. బ్లూ కార్డు కుటుంబ సభ్యులకు ఆ హక్కు ఉంది. హెచ్-1బీవారి జీవిత భాగస్వాములకు 2015లో వచ్చింది, అదీ గ్రీన్ కార్డు ప్రక్రియలో ఓ దశ దాటినవారికే. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునే ఇంట్లో ఒకరి జీతం రెట్టింపై రెండోవారిది సున్నా అయితే, గుణకారం మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సిందే.