బెత్తానికి అనుమతి ఎవరిచ్చారు?

వీధిబడుల కాలంలో కోదండం అనే శిక్ష ఉండేది. దూలానికి కట్టిన తాడును రెండు చేతులతో పట్టుకుని పిల్లవాడు వేలాడాలి. కాళ్ళు నేలకు ఆనవు. చేతులు లాగేస్తుంటే కిందనుంచి బెత్తం దెబ్బలు. తొడపాశం, గోడకుర్చీ, గుంజీళ్ళు దాని ముందు చిన్నవే.

పంతులుకు ఆ అధికారం ఇచ్చింది ఇంట్లోవాళ్ళే. "కళ్ళు రెండూ వదిలేసి ఒళ్ళంతా మీ ఇష్టం పంతులుగారూ" అని అప్పజెప్పేవారు.

బ్రిటిష్ చట్టం కూడా ఈ అప్పగింతను ఒప్పుకుంది. 1860లో ఇంగ్లండ్‌లో ఒక మాస్టారు తన శిష్యుణ్ణి చచ్చేదాకా కొట్టాడు. అతనికి జైలుశిక్ష పడింది. కానీ తండ్రికీ, తండ్రి తరఫున ఉపాధ్యాయుడికీ పిల్లల్ని మితంగా దండించే హక్కు ఉందని అదే కేసులో ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ అన్నారు. ఆ ఏడాదే మన దగ్గర శిక్షాస్మృతి వచ్చింది. పన్నెండేళ్ళలోపు పిల్లల మేలు కోసం, సంరక్షకుల సమ్మతితో, సదుద్దేశంతో చేసిన పనికి 89వ సెక్షన్ రక్షణ ఇచ్చింది. చావు, తీవ్ర గాయాల విషయంలో ఆ రక్షణకు కొన్ని పరిమితులు పెట్టింది. మామూలు దెబ్బలకు మాత్రం టీచర్ల తరఫు లాయర్లకు ఇదే ఆసరా అయింది.

నిషేధం చాలా ఆలస్యంగా వచ్చింది. ఢిల్లీ బడుల్లో బెత్తాన్ని అనుమతించిన నిబంధనను అక్కడి హైకోర్టు 2000 డిసెంబరులో కొట్టేసింది. 2002 ఫిబ్రవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 16తో విద్యా నిబంధనలు మార్చి దండనను నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్‌తో కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఉల్లంఘిస్తే ఆ సెక్షన్ కింద ఉండేది సర్వీసు రూల్స్ ప్రకారం చర్య మాత్రమే. పైగా ఈ చట్టం 14 ఏళ్ళ వరకే. హాస్టళ్ళలో ర్యాంకుల టెన్షన్‌తో నలిగే మన ఇంటర్ పిల్లలు దీని కిందికే రారు. ఇది నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

2009-10లో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లల్ని అడిగింది. ఏ శిక్షా పడలేదన్నది తొమ్మిది మందే. పేరెంట్స్ మీటింగుల్లో "రెండు తగిలించండి సార్, మేమేం అనుకోం" అనే తండ్రులు ఈరోజుకీ కనిపిస్తారు. వాళ్ళు ఇచ్చేది 89వ సెక్షన్ అడిగిన సమ్మతే. 2024 జులై 1న శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినా, ఆ సెక్షన్ 27వ నంబరుతో అందులో కొనసాగుతోంది.