ఇసుకలో ఎర్ర చారలు

చిరంజీవులు చిన్నికీ, బాబ్జీకీ తాతయ్య ఆశీస్సులు.

కార్తీక వనభోజనాలకి కళింగపట్నం వెళ్లిన రోజు బాబ్జీ ఒక ప్రశ్న అడిగాడు. "ఒడ్డున ఇసుక మీద ఎరుపూ నలుపూ చారలు ఎవరు వేశారు తాతయ్యా?" అని. పులిహోర వడ్డిస్తున్న హడావిడిలో "సముద్రమేరా" అనేసి ఊరుకున్నాను. అది సగం జవాబే. మిగతా సగం బాకీ ఉండిపోయింది.

మా చిన్నప్పుడు సంక్రాంతి ముందు కళ్లంలో నూర్పులు జరిగేవి. ఎడ్లని తిప్పి గింజ రాల్చాక గాలి కోసం కాచుకుని కూర్చునేవాళ్లం. నేను తొందరపడి చేట ఎత్తితే మా నాన్నమ్మ "గాలి తిరిగీదాకా ఆగరా గుంటడా" అని లాక్కునేది. గాలి అందుకోగానే పీట ఎక్కి పైనుంచి పోసేది. గట్టి గింజ ఆవిడ కాళ్ల దగ్గరే కుప్పపడేది. తాలు కాస్త ఎడంగా పడేది. ఊక మాత్రం ఎగిరి గట్టు దాటిపోయేది. ఒక్క గింజనీ ఆవిడ చేత్తో ఏరలేదు. ఏరింది గాలీ, బరువూ.

కొండకీ ఇలాంటి పంటే ఉంది నాన్నా. నూర్పూ ఉంది, మోతా ఉంది, తూర్పారబోతా ఉంది.

ముందు నూర్పు. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయి పేరు ఖొండలైట్. ఆ కొండల్లో బతికే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. రాయి కూడా పుచ్చుతుందంటే నమ్ముతారా? మన వైపు వేడీ ఎక్కువే, వానా ఎక్కువే. నెర్రెల్లోకి నీరు దిగుతుంది, దాని వెనకే చెట్టు వేరు దిగుతుంది. రాతిలో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఏళ్ల తరబడి తడిసి తడిసి బంకమన్నైపోతుంది. ఇనుము తుప్పుపడుతుంది. విజయనగరం దారిలో బస్సు కిటికీలోంచి చూసిన ఎర్రనేలలకి ఆ రంగు ఇచ్చింది ఆ తుప్పే. నీళ్లకి అంత తేలిగ్గా లొంగనివి కొన్ని గింజలు: తెల్లటి పలుగురాయి, ఎర్రటి గార్నెట్, నల్లటి ఇల్మనైట్. కొండ పంటలో రాలిన గింజలు ఇవే.

ఇక మోత. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి సుమారు 250 కిలోమీటర్లు నడిచి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. వేసవిలో దాన్ని చూస్తే ఏమీ మోయలేని మనిషిలా ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అదే ఏరు గట్టు మీద నిలబడనివ్వలేదు. ఏడాదంతా మోసేది ఒక ఎత్తు, అలాంటి నాలుగు రోజుల్లో మోసేది ఒక ఎత్తు.

నాకు ఆ మోత బాగా తెలుసు. మాకు నాగావళి ఒడ్డున ఒక మడి ఉండేది. ఒక వరద రాత్రి తెల్లవార్లూ దబ్బుదబ్బుమని గట్టు విరిగి పడుతున్న చప్పుడు విన్నాం. పొద్దున్న చూస్తే మడిలో సగం లేదు. కోత అన్న మాట ఒకటే చూడండి, వరి కోసినా గట్టు కోసినా. ఆ యేడు మాకంటే ముందు ఏరు కోసుకుపోయింది. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. నీరు తీశాక దిగువన అవతలి ఒడ్డుని చూపించి "అదిగో, మనది అక్కడ మేటేసింది" అన్నారు. అప్పటినుంచీ ఇసుకమేట కనిపిస్తే ఇది ఎవరి పొలమో అనుకుంటాను. మీరూ కొండవాలున చెట్టు కొట్టేస్తుంటే చూసి ఊరుకోకండి. ఆ వేళ్లు పట్టుకున్నంత కాలమే అక్కడ మన్ను నిలుస్తుంది.

చివరిది తూర్పారబోత. అది సముద్రం పని. అల విసురుగా వచ్చి అన్నిటినీ ఒడ్డుకి ఎత్తిపోస్తుంది. వెనక్కి వెళ్లేటప్పుడు ఆ విసురు ఉండదు, తేలికైన తెల్ల ఇసుకనే లాక్కుపోగలదు. బరువైన ఎర్ర గింజా నల్ల గింజా ఉన్నచోటే దిగబడతాయి. బంకమన్ను ఊకలాగా ఎక్కడో లోతు సముద్రంలోకి పోతుంది. బాబ్జీ, నువ్వు చూసిన చారలు నాన్నమ్మ కాళ్ల దగ్గర పడ్డ గట్టి గింజల కుప్పేరా.

ఇంకొక్క మాట. ఆ ఖొండలైట్ రాయి ఇప్పుడున్న రూపానికి వచ్చింది సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట, నేలలో ఇరవై కిలోమీటర్లకి పైగా లోతున. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం ఎంత దూరమో దాదాపు అంత లోతు! ఈ రోజు మేకలు ఎక్కి తిరుగుతున్నది ఆ రాతి మీదే. అంటే దాని మీద ఉన్న రాయంతా ఏమైనట్టు? ఎన్ని వానలు నూర్చి, ఎన్ని ఏర్లు మోసి ఉండాలి? ఇక్కడికి వచ్చేసరికి నా కళ్లం చాలదు. కలం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఈసారి వెళ్లినప్పుడు పొద్దున్నే, నీరు వెనక్కి తీసిన వేళ వెళ్లండి. చార మీది ఇసుక పిడికెడు తెల్ల కాగితం మీద పల్చగా పరవండి. చిన్నీ, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం నీ దగ్గర ఉందిగా, కాగితం కింద తిప్పి నల్ల గింజల్లో ఏవి లేచి నడుస్తాయో చూడు. ఎర్ర గింజ ఒకటి వేలి కొసకి అంటించుకుని ఎండలో పెట్టి చూడండి. ఒక చిన్న పొట్లం నాకూ కట్టి తెండి. అలకి వీపు పెట్టి మాత్రం కూర్చోవద్దు.

మీ తాతయ్య